పర్మిట్ ఎవరి చేతిలో ఉంటుందో ముందు చూసుకో

చిన్నా,

నీ ఉత్తరం చదివాను. మీ కంపెనీ వాళ్ళు అమెరికా ఆఫీసుకి మారుస్తామంటున్నారు, జర్మనీ ఆఫర్ రేపో మాపో చేతికొచ్చేలా ఉంది, స్నేహితులేమో కెనడా అంటున్నారు. మూడింటికీ జీతం, పన్ను, అద్దె లెక్కలేసి పట్టిక పంపావు. శ్రద్ధగా వేశావు. కానీ ఒక గడి వదిలేశావు. ఆ దేశంలో ఉండే హక్కు నీ చేతిలో ఉంటుందా, కంపెనీ చేతిలో ఉంటుందా? ఇన్నేళ్ళుగా ఉద్యోగుల వీసా ఫైళ్ళు చూస్తున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. జీతంలో తేడా కంటే ఆ గడే మీ ముగ్గురి జీవితాన్ని ఎక్కువగా మారుస్తుంది.

కంపెనీ అర్జీ పెడితే వచ్చే పర్మిట్ కంపెనీ క్వార్టర్స్ లాంటిది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ హాయిగా ఉండొచ్చు, పోయిన రోజున తాళాలు అడుగుతారు. అమెరికా హెచ్‌1బీ, కంపెనీ తన ఉద్యోగిని అక్కడి ఆఫీసుకి మార్చే ఎల్‌1, బ్రిటన్ స్కిల్డ్ వర్కర్ వీసా ఈ రకం. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ, ఆస్ట్రేలియా 189 వీసాల్లో నీ చదువు, వయసు, అనుభవం, భాష చూసి నేరుగా నీకే పీఆర్, అంటే శాశ్వతంగా ఉండే హక్కు, ఇస్తారు. జర్మనీ బ్లూ కార్డు ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. మొదలయ్యేది ఉద్యోగంతోనే, కానీ త్వరగా నీ చేతికి వస్తుంది.

ముందు అమెరికా సంగతి చెబుతాను, ఎక్కువ మెలికలు అక్కడే ఉన్నాయి. మీ కంపెనీ అంటున్నది ఎల్‌1. దానికి లాటరీ లేదు, ఏటా ఇన్నే అన్న పరిమితి లేదు. గత మూడేళ్ళలో కనీసం ఒక ఏడాది ఆగకుండా అదే కంపెనీకి బయటి దేశంలో పనిచేసి ఉండాలి, అది నీకు ఉంది. అమ్మాయికి, అంటే నీ భార్యకి, ఎల్‌1 వాళ్ళ కుటుంబానికిచ్చే ఎల్‌2 మీద అక్కడ ఉద్యోగం చేసుకునే హక్కు కూడా ఉంటుంది. ఇంతవరకూ బాగానే ఉంది. నువ్వు కనుక్కోవలసింది అది ఎల్‌1ఏనా, ఎల్‌1బీనా అని. మేనేజర్ స్థాయి వాళ్ళకిచ్చే ఎల్‌1ఏ ఏడేళ్ళు, ప్రత్యేక పరిజ్ఞానం ఉన్నవాళ్ళకిచ్చే ఎల్‌1బీ అయిదేళ్ళు. నీ పనిని బట్టి చూస్తే నీకిచ్చేది ఎల్‌1బీనే అనుకుంటున్నాను. ఎల్‌1 మీద ఉండగా ఇంకో కంపెనీకి మారే వీలు లేదు. నిన్ను ప్రధానంగా క్లయింటు ఆఫీసులో, వాళ్ళ అజమాయిషీ కింద పెట్టడానికి కూడా ఎల్‌1బీ పనికిరాదు, 2004లో చేసిన చట్టం దాన్ని ఆపేసింది. కాబట్టి అక్కడ ఎవరి దగ్గర కూర్చుని పనిచేయాలో ఇప్పుడే అడుగు.

చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. ఎల్‌1బీ అయిదేళ్ళు నిండితే గ్రీన్‌కార్డు ఫైలు నడుస్తున్నా సరే, దాన్ని పొడిగించరు. ఉండాలంటే ఆలోపు హెచ్‌1బీకి మారాలి. దానికి లాటరీ ఉంది. ఏటా 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకి అదనంగా 20,000. మార్చిలో రిజిస్ట్రేషన్, ఎంపికైతే అక్టోబరు 1 నుంచి పని. 2026 నుంచి జీతం స్థాయి ఎక్కువున్నవాళ్ళకి ఎంపికయ్యే అవకాశం పెరిగేలా నియమం మార్చారు. బయటి దేశంలో ఉన్నవాళ్ళకి కొత్త హెచ్‌1బీ వేయాలంటే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలని 2025 సెప్టెంబరులో ఉత్తర్వు ఇచ్చారు. అమెరికాలోనే ఉండి స్టేటస్ మార్చుకునేవాళ్ళకి అది వర్తించదని అక్కడి ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ తర్వాత చెప్పింది. ఇంకో సంగతి, హెచ్‌1బీకి ఉండే ఆరేళ్ళ గడువులో ఎల్‌1 మీద గడిపిన కాలాన్ని కూడా కలుపుతారు. అయిదేళ్ళు ఎల్‌1లో ఉండి హెచ్‌1బీకి వస్తే మిగిలేది ఒక్క ఏడాదే. దాన్ని దాటి ఉండాలంటే గ్రీన్‌కార్డు పని అప్పటికే మొదలై ఉండాలి, వీలైతే ఐ-140, అంటే నీ గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే అర్జీ, అప్రూవ్ అయి ఉండాలి.

ఆ ఐ-140 మీద నీకు పట్టుదల ఉండాలి. ఉద్యోగాల కోటాలో గ్రీన్‌కార్డులు ఏటా దాదాపు 1,40,000, అందులో ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకైనా మామూలుగా 7 శాతానికి మించి ఇవ్వరు. చూసేది పౌరసత్వం కాదు, పుట్టిన దేశం. అందుకే ఆ కోటాలోని ఈబీ-2, ఈబీ-3 అనే వరసల్లో భారత్‌లో పుట్టినవాళ్ళు పదేళ్ళు దాటి ఎదురుచూస్తున్నారు. ఆ వరసలో నీ చోటు ప్రయారిటీ డేట్. అయితే ఐ-140 ఒకసారి అప్రూవ్ అయ్యాక కంపెనీ వెనక్కి తీసుకున్నా ఆ డేట్ మామూలుగా నీతోనే ఉంటుంది. ఇంకో కంపెనీ మళ్ళీ ఫైల్ చేసినప్పుడు పాత చోటు నుంచే లెక్క. కంపెనీ చేతిలో ఉన్న పర్మిట్‌లో నీకంటూ మిగిలేది ఆ ఒక్క తేదీ. అందుకే దాన్ని మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టించు. అప్రూవల్ నోటీసు కాపీ ఇవ్వరేమోనని మొహమాటపడకు, అడిగి తీసుకో.

అమ్మాయి ఉద్యోగం కూడా దీనికే ముడిపడి ఉంది. నువ్వు ఎల్‌1 నుంచి హెచ్‌1బీకి మారితే తను హెచ్‌1బీ వాళ్ళ కుటుంబానికిచ్చే హెచ్‌4లోకి వస్తుంది, ఎల్‌2తో వచ్చిన పని హక్కు పోతుంది. మామూలుగా నీ ఐ-140 అప్రూవ్ అయి ఉంటే తప్ప హెచ్‌4 మీద పని అనుమతికి అర్జీ పెట్టుకోలేదు. ఒకవేళ నీ ఉద్యోగమే పోతే 60 రోజుల్లోపు ఇంకో దారి చూసుకోవాలి, లేదా దేశం విడిచి రావాలి. ఎల్‌1 మీద ఉన్నవాళ్ళకి ఆ 60 రోజుల్లో వేరే కంపెనీ దొరకడం చాలా కష్టం, ఎందుకంటే ఆ కంపెనీ మళ్ళీ లాటరీ దగ్గర నుంచి మొదలుపెట్టాలి. పాప ఇంకా చిన్నది కదా అనుకోకు. 21 దాటితే పిల్లలు డిపెండెంటు లెక్కలోంచి బయటికి పోతారు, ఈ వరస అంత పొడవైనది. నిన్ను టెన్షన్ పెట్టాలని కాదురా, వెళ్ళకముందే తెలిసి ఉండాలని రాస్తున్నాను.

జర్మనీ ఆఫర్‌ని నువ్వు జీతం తక్కువని పక్కన పెడుతున్నావు. మరోసారి చూడు. బ్లూ కార్డుకి 2025లో ఏడాదికి 48,300 యూరోల జీతం కావలసి ఉండేది, ఐటీ లాంటి కొరత ఉన్న పనులకైతే దాదాపు 43,760 సరిపోయేది. ఈ అంకె ప్రతి జనవరిలో మారుతుంది. 2023 నవంబరులో వచ్చిన మార్పుతో, గత ఏడేళ్ళలో మూడేళ్ళ తగిన అనుభవం ఉంటే ఐటీ వాళ్ళకి డిగ్రీ లేకపోయినా ఇస్తున్నారు. నీకు డిగ్రీ ఉంది కాబట్టి మీ యూనివర్సిటీ, మీ కోర్సు విదేశీ చదువులకి జర్మనీ నడిపే అనబిన్ డేటాబేస్‌లో ఎలా నమోదయ్యాయో చూడు. యూనివర్సిటీ పక్కన గుర్తింపు ఉందని చెప్పే హెచ్ ప్లస్ ఉంటే సగం పని అయినట్టే.

నాకు అన్నిటికంటే నచ్చేది, 27 నెలలకే పర్మనెంట్ రెసిడెన్స్ అడగవచ్చు. దానికి జర్మన్ భాషలో మొదటి మెట్టు ఏ1 చాలు. మధ్యస్థాయి బీ1 వస్తే 21 నెలలే. అమ్మాయికి భాషా పరీక్ష అడగరు, వచ్చిన రోజు నుంచీ పని చేసుకోవచ్చు. ఉద్యోగం పోతే వెంటనే కార్డు లాక్కోరు. ఐరోపా నిబంధన ప్రకారం మూడు నెలల గడువుంటుంది, కార్డు వచ్చి రెండేళ్ళయితే ఆరు నెలలు. కష్టం భాష దగ్గరే. ఆఫీసులో ఇంగ్లిష్‌తో నడిచిపోతుంది. కానీ డాక్టరు, పాప స్కూలు, ఇంటి యజమాని, అమ్మాయికి ఉద్యోగం, ఇవన్నీ జర్మన్ అడుగుతాయి. ఒప్పుకుంటే ఇద్దరూ ఈ నెలలోనే క్లాసులో చేరండి. అక్కడికెళ్ళి నేర్చుకుంటామనేవాళ్ళు పనిలో పడి వాయిదా వేస్తారు.

కెనడాలో పీఆర్ నేరుగా నీ పేరు మీదే వస్తుంది, ఏ కంపెనీనీ బతిమాలనక్కరలేదు. కానీ పోటీ గట్టిది. పాయింట్లు 1200కి లెక్కిస్తారు. వయసు పాయింట్లు 29 వరకే నిండుగా వస్తాయి, ముప్ఫై నుంచి ఏటా తగ్గుతూ పోతాయి. జాబ్ ఆఫర్‌కి ఇచ్చే అదనపు పాయింట్లు 2025 మార్చిలో తీసేశారు కాబట్టి ఆఫర్ లెటర్ అమ్ముతామని ఎవరైనా చెబితే వెంటనే ఫోన్ పెట్టేయ్. పాయింట్లు పెంచుకోవడానికి నీ చేతిలో ఉన్నది భాష. ఇంగ్లిష్‌లో కెనడా భాషా కొలమానం సీఎల్‌బీ ప్రకారం 9 లేదా ఆపైన వస్తే చదువుకీ అనుభవానికీ కలిపి అదనంగా వస్తాయి. ఐఈఎల్‌టీఎస్ రాస్తే జనరల్ ట్రైనింగ్ రాయాలి, అకడమిక్ పనికిరాదు. ఫ్రెంచ్ వచ్చినవాళ్ళకి వేరే డ్రాలు, అంటే పాయింట్లను బట్టి పిలిచే ఎంపికలు, ఉంటాయి, వాటి కట్‌ఆఫ్ బాగా తక్కువ. ఏదైనా రాష్ట్రం నామినేట్ చేస్తే 600 పాయింట్లు కలుస్తాయి, అప్పుడు పిలుపు దాదాపు ఖాయం. లోటేమిటంటే పీఆర్ చేతికొచ్చినా ఉద్యోగం వెతుక్కోవలసింది నువ్వే, అక్కడ దిగాక. కొన్ని నెలలు జీతం లేకుండా గడిపే డబ్బు పక్కన పెట్టుకోకుండా బయల్దేరకు.

బ్రిటన్, ఆస్ట్రేలియా నీ పట్టికలో లేవు కాబట్టి ఎక్కువ రాయను. బ్రిటన్‌లో 2025 జులై నుంచి కనీస జీతం 41,700 పౌండ్లు, ప్రోగ్రామర్ల పనికి విడిగా పెట్టిన కనీస జీతం, గోయింగ్ రేట్, అంతకంటే ఎక్కువ. విదేశీయుల్ని పనికి తెచ్చుకునే స్పాన్సర్ లైసెన్సు ఉన్న కంపెనీల జాబితా ప్రభుత్వమే అందరికీ కనిపించేలా పెడుతుంది. ఆస్ట్రేలియాకి ముందు అక్కడి కంప్యూటర్ సొసైటీ ఏసీఎస్ దగ్గర నైపుణ్యాల మదింపు చేయించాలి. వాళ్ళు నీ అనుభవంలో కొన్నేళ్ళు కోసేసి మిగిలిందే లెక్కిస్తారు, అది తెలియక పాయింట్లు ఎక్కువ వేసుకుని ఆశపడినవాళ్ళను చూశాను.

ఎటు వెళ్ళినా కాగితాలు ఇప్పుడే మొదలుపెట్టు. ఇక్కడ నేను కాస్త మొండిగానే చెబుతాను. రిలీవింగ్ లెటర్ చాలదు. కెనడాకి ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో హోదా, తేదీలు, వారానికి ఎన్ని గంటలు, జీతం, ముఖ్యంగా నువ్వు చేసిన పనులు ఉండాలి, అదీ కంపెనీ లెటర్‌హెడ్ మీద. మీ మొదటి కంపెనీ మూతబడిందన్నావు. అప్పటి మేనేజర్ ఎక్కడున్నాడో వెతికి ఆయన సంతకంతో లేఖ తీసుకో, దానికి పే స్లిప్పులు, పన్ను కాగితాలు జతచెయ్. డిగ్రీ మూల్యాంకనానికి యూనివర్సిటీ నేరుగా మార్కుల పత్రాలు పంపాల్సి వస్తుంది, ఆ పని నెలలు లాగుతుంది. నీ పేరు పాస్‌పోర్టులో, డిగ్రీలో, పెళ్ళి సర్టిఫికెట్‌లో ఒకేలా ఉందో లేదో ఇవాళే పక్కపక్కన పెట్టి చూడు. పాపకీ అమ్మాయికీ కూడా చూడు.

అనుభవం ఏళ్ళు పెంచి రాయమనే కన్సల్టెన్సీలు నీకు తప్పకుండా తగులుతాయి. ఆ మాట అన్నవాళ్ళతో మళ్ళీ మాట్లాడకు. అబద్ధం బయటపడితే కెనడా అయిదేళ్ళు తలుపు మూస్తుంది, అమెరికా చట్టంలో అది శాశ్వత నిషేధం దాకా పోతుంది. ఏజెంటు చేసినా సంతకం నీదే, శిక్షా నీకే. హెచ్‌1బీ అర్జీ ఫీజు, లాయరు ఫీజు కంపెనీయే భరించాలి, నీ జీతంలోంచి కోస్తామనే కంపెనీ మొదటి రోజే చట్టం తప్పుతున్నట్టు.

ఈ వారం మీ హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టు. ఎల్‌1ఏనా, ఎల్‌1బీనా. పని చేసే చోటు కంపెనీదా, క్లయింటుదా. గ్రీన్‌కార్డు ఫైలు ఎన్నో నెలలో మొదలుపెడతారు. ప్రతి మార్చిలో హెచ్‌1బీ రిజిస్ట్రేషన్ వేస్తారా. ఫోన్‌లో హామీ ఇస్తే సంతోషించి వదిలేయకు, జవాబు మెయిల్లోనే రావాలి. మొదటి ఏడాదిలో ఫైల్ చేస్తామని రాసివ్వకపోతే నేనైతే జర్మనీకే వెళ్ళమంటాను, జీతం తక్కువైనా సరే.

ఏ ఆఫర్ మీదా సంతకం పెట్టకముందు రెండు కాంట్రాక్టులూ నాకు పంపు. జర్మనీ దాంట్లో ప్రొబేషన్ ఎన్ని నెలలో, జీతం అంకెలో బోనస్ కలిపారో లేదో చూడాలి. హామీ ఇచ్చిన జీతాన్నే బ్లూ కార్డుకి లెక్కిస్తారు. అమ్మాయిని కూడా కూర్చోబెట్టుకుని ఈ ఉత్తరం చదువు. తన ప్రశ్నలు తననే రాయమను, ఆదివారం ముగ్గురం కలిసి మాట్లాడుకుందాం.

మీ అత్త