సర్కారు సాయం వచ్చేలోగా

తమ్ముడూ, ఇక్కడ అమెరికాలో, జార్జియా రాష్ట్రం దక్షిణాన నువ్వూ నీ స్నేహితులూ కలిసి నాలాగే పీకాన్ (అక్రోటు లాంటి గింజ కాయ) తోట కొనబోతున్నామని రాశావు. "హరికేన్ వచ్చినా ప్రభుత్వం ఇస్తుందిగా" అని ధీమాగా ఉన్నావు. ఇస్తుంది. ఎప్పుడిస్తుందన్నది నువ్వు అడగలేదు. నెలనెలా జీతం పడేవాళ్లకు ఈ ప్రశ్న తట్టదులే.

2018 అక్టోబరు 10న మైకేల్ హరికేన్ వచ్చేసరికి మా తోటలో కాయలు ఇంకా చెట్ల మీదే ఉన్నాయి. తెల్లారి చూస్తే పెద్ద పెద్ద చెట్లు వేళ్లతో సహా పడున్నాయి. మన దగ్గరైతే అధికారులు ఊళ్లోకొచ్చి పంట నష్టం రాసుకుంటారు కదా, ఇక్కడా ఎవరో ఒకరు వస్తారనుకున్నాను. ఈలోగా ఖాళీగా ఉండడమెందుకని బుల్‌డోజర్ మాట్లాడి, కూలినవన్నీ ఒక మూలకు తోయించి తగలబెట్టించాను. ఎవరూ రాలేదు. ఇక్కడ మనమే కౌంటీలోని (మన జిల్లా లాంటిది) ఎఫ్ఎస్ఏ ఆఫీసుకి, అంటే కేంద్ర వ్యవసాయ శాఖ రైతు సేవల ఆఫీసుకి, వెళ్లి చెప్పుకోవాలి. కూలిన చెట్లు, విరిగిన కంచెలు తీసే ఖర్చులో 75 శాతం దాకా భరించే పథకం ఒకటుంది, ఎమర్జెన్సీ కన్జర్వేషన్ ప్రోగ్రాం. కానీ పని మొదలెట్టకముందే దరఖాస్తు పెట్టాలి, వాళ్లొచ్చి చూడాలి. నా దగ్గర చూపించడానికి బూడిదే మిగిలింది. పని ఖర్చంతా నేనే పెట్టుకున్నాను.

దానికన్నా పెద్ద దెబ్బ పంట డబ్బుది. నష్టపరిహారం చట్టం 2019 జూన్‌లో వచ్చింది, దరఖాస్తులు సెప్టెంబరులో మొదలయ్యాయి. పంట బీమా ఉన్నవాళ్ల పంటను వాళ్లు తీసుకున్న స్థాయిని బట్టి 75 నుంచి 95 శాతం విలువకు లెక్కకట్టారు, లేనివాళ్లకు 70 శాతమే. నేను లేనివాళ్లలో ఉన్నాను. అన్నాళ్లూ బ్యాంకు వాయిదా ఆగలేదు, డీజిల్ ఖర్చూ ఆగలేదు. రిటైర్మెంట్ కోసం దాచుకున్న 401కె ఖాతా లోంచి ముందే తీసి, పైన 10 శాతం పెనాల్టీ కట్టి తోట నిలబెట్టుకున్నాను. ఆ తోట ఇవాళ్టికీ నాదే, అది నాకు గర్వమే. కానీ ఆ ఏడాది మా ఇంట్లో ఎవరికీ కంటి నిండా నిద్ర లేదు. ఆ కష్టం నువ్వు పడక్కర్లేదు.

ఇప్పుడేమైనా మారిందనుకుంటావేమో. 2024 సెప్టెంబరు చివర్లో హెలీన్ హరికేన్ వచ్చింది. డిసెంబరులో చట్టం చేశారు, దరఖాస్తులు తెరిచింది 2025 జులైలో. ఆ సాయం తీసుకున్నవాళ్లు తర్వాత రెండేళ్లు పంట బీమా కొని తీరాలి. వచ్చిన డబ్బుకి టాక్సూ ఉంటుంది.

నియమాలు నువ్వే చదువుకో, రెండు మాత్రం చెప్తాను. మీలో ఎవరైనా హెచ్1బీ వీసా మీద ఉంటే, పొలం కొన్న 90 రోజుల్లో ఎఫ్ఎస్ఏకి తెలియజేయాలి. మరిచిపోతే భూమి విలువలో 25 శాతం దాకా జరిమానా పడొచ్చు. సాయానికి అర్హత కూడా వీసా మీద ఉన్నవాళ్లకు వేరే షరతులతో ఉంటుంది. చెట్ల మధ్య గోంగూర, కాకర వేద్దామన్నావు, మంచిదే. మీ కౌంటీలో బీమా దొరకని పంటలకు నాప్ అని ఎఫ్ఎస్ఏ పథకం ఒకటుంది, బీమా లాంటిదే. కొత్త రైతులకు దాని ఫీజు మాఫీ చేస్తారు, తప్పకుండా అడుగు.

అసలు సంగతి మళ్లీ డబ్బే. పడిన చెట్టు బదులు మొక్క నాటితే సరిగా కాయడానికి ఏళ్లు పడుతుంది. మొక్కల ఖర్చులో కొంత ప్రభుత్వం ఇస్తుంది, ఆ మధ్యలో పోయిన ఆదాయం ఇవ్వదు. అందుకే ఏడాది వాయిదాలు, తోట ఖర్చు బ్యాంకులో విడిగా వేశాకే బేరం మాట్లాడండి. అంత కుదరకపోతే ఈసారికి సగం ఎకరాలే తీసుకోండి.