కింది అంతస్తులో ఎపాక్సీ: ముందు చెమ్మ సంగతి చూడండి

కింది అంతస్తు హాలులోనూ వరండాలోనూ పాత సిమెంటు గచ్చు మీద ఎపాక్సీ (రెజిన్‌లో గట్టిపరచే ద్రవం కలిపి నేలకు వేసే పూత) వేయించవచ్చా అని మీరు అడిగారు. నా అభిప్రాయంలో దీనిని తేల్చవలసింది గచ్చులోని చెమ్మ. రంగు, ధర ఆ తర్వాతి మాట. నేల నుంచి తేమ పైకి వచ్చే ఇంట్లో ఎంత ఖరీదైన పూత వేసినా, అడుగున ఆవిరి చిక్కుకొని బుడగలు లేస్తాయి, చివరకు పూత పెచ్చులుగా ఊడుతుంది. అందుచేత అడుగున్నర పొడవు, అంతే వెడల్పు గల పాలిథిన్ షీటును గచ్చుపై పరచి, నాలుగు అంచులనూ టేపుతో గట్టిగా అంటించి, కనీసం 16 గంటల తర్వాత ఎత్తి చూడండి. షీటు లోపలివైపు నీటి బొట్లు కనిపించినా, కింద గచ్చు నల్లబడినా ఈ ఆలోచన మానుకోవడమే మంచిది. ఎండాకాలపు ఫలితాన్ని మాత్రం నమ్మవద్దు, వానలు ముదిరాక మళ్లీ చూడండి.

వరండాకు నేను వద్దనే చెబుతాను. ఎండ తగిలితే మామూలు ఎపాక్సీ పసుపు తిరుగుతుంది, జల్లు పడితే కాలు జారుతుంది. ఇంట్లో పెద్దవారుంటే ఆ ఒక్క కారణమే చాలు.

హాలు పొడిగా ఉన్నట్టు తేలితే, గచ్చును గ్రైండింగ్ యంత్రంతో గరుకు చేయించి, దుమ్మంతా వాక్యూమ్‌తో లాగించిన తర్వాతే ప్రైమర్ (అసలు పూతకు ముందు వేసే తొలి పొర) వేయనివ్వండి. నీళ్లతో కడిగితే సరిపోతుందనే మేస్త్రీకి ఈ పని అప్పగించకండి.