కథలో ప్రేమ బాణం పెట్టేముందు తేల్చుకోవలసిన సంగతులు

మీరు అడిగినవి రెండు. ఫాంటసీ నవలలో ప్రేమ పుట్టించే బాణం ఒకటి పెట్టుకున్నారు. మన్మథుడి బాణమూ, రోమన్ల ప్రేమదేవుడు క్యూపిడ్ బాణమూ ఒకేలా పనిచేస్తాయా అన్నది మొదటిది. డ్రాఫ్టు చదివినవాళ్లు "బాణం వేస్తే అయిపోయేదానికి ఇన్ని పేజీలెందుకు" అంటున్నారు, దీన్ని ఎలా సరిచేయాలన్నది రెండోది. రెండోదానితో మొదలుపెడతాను. మొదటిదానికి జవాబు అందులోనే దొరుకుతుంది.

పాత కథలు వరసగా చదివితే ఒకటి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ప్రేమ బాణం అనుకున్న చోట తగిలి, అనుకున్న పని చేసి, అందరూ సుఖంగా ఉన్న కథ నిలబడలేదు. నిలబడ్డ కథల్లో బాణం గురి తప్పుతుంది, లేదా ఒక్కరికే పనిచేస్తుంది, లేదా అక్కర్లేనివాళ్లకి గీసుకుంటుంది, లేదా వేసినవాడే బూడిదవుతాడు. అందుకని మీ బాణం ఏం చేస్తుందో తర్వాత చూద్దాం. అది ఏం చేయలేదో ఒక కాగితం మీద ముందు రాసుకోండి.

మొదటి పరిమితి: బాణం తగిలినవాళ్లకి కోరిక పుడుతుంది, అంతే. అవతలివాళ్ల మనసు దాంతోపాటు రాదు. రోమన్ కవి ఓవిడ్ "మెటమార్ఫసిస్" మొదటి పుస్తకంలో ఇది తేటగా ఉంది. పైథాన్ అనే పెద్ద పాముని చంపిన గర్వంలో అపోలో అనే దేవుడు, పిల్లవాడికి విల్లెందుకని క్యూపిడ్‌ని ఎగతాళి చేస్తాడు. క్యూపిడ్ పార్నాసస్ కొండ మీద నిలబడి పొదిలోంచి రెండు బాణాలు తీస్తాడు. ఒకటి బంగారపుది, మొన వాడి, తళతళలాడుతుంది; అది ప్రేమ పుట్టిస్తుంది. రెండోది మొద్దుది, కాడ కింద సీసం ఉంటుంది. అది ప్రేమని తరిమేస్తుంది. సీసపుది డాఫ్నీ అనే వనకన్యకి, బంగారపుది అపోలోకి. ఆయన వెంటపడతాడు, ఆమె పారిపోతుంది, చివరికి లారెల్ చెట్టయిపోతుంది. లెక్క గమనించండి: ఇద్దరి మధ్య ప్రేమ కావాలంటే రెండు బంగారు బాణాలు ఖర్చవ్వాలి. మీ నవలలో పొదిలో ఎన్ని ఉన్నాయో, వేసినది తిరిగొస్తుందో లేదో చెప్పకపోతే చదివేవాళ్లకి ఉత్కంఠ ఎక్కడినుంచి వస్తుంది?

ఇక అసలు చిక్కు. బాణం తగిలాక మనసు ఎవరి మీదికి వెళ్లాలి? మొన మీద పేరేమీ రాసి ఉండదు. ఎక్కువ డ్రాఫ్టులు దెబ్బతినేది ఇక్కడే. హీరోయిన్‌కి బాణం తగులుతుంది, ఊళ్లో ఎక్కడో ఉన్న హీరో మీద ప్రేమ పుడుతుంది. ఎందుకు పుట్టిందంటే రచయితకి కావాలి కాబట్టి. పాతవాళ్లు దీన్ని నిలబడే చోటుతోనూ సమయంతోనూ పరిష్కరించారు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో గ్రీకు కవి అపొలోనియస్ రాసిన "ఆర్గొనాటికా" మూడో పుస్తకం చూడండి. బంగారు బంతి ఇస్తానని తల్లి ఆశపెడితే ఎరోస్ (గ్రీకుల్లో క్యూపిడ్ పేరు ఇదే) బయలుదేరతాడు. కనబడకుండా వసారాలో నిలబడి విల్లుకి నారి తగిలిస్తాడు, ఇంతవరకూ వాడని బాణం ఒకటి పొదిలోంచి తీస్తాడు, గడప దాటి వచ్చి కథానాయకుడు జేసన్ కాళ్ల దగ్గర ముడుచుకుని కూర్చుంటాడు. అక్కణ్ణుంచి రెండు చేతులా లాగి ఆ ఇంటి రాకుమారి మెడియా మీదికి వదులుతాడు. బాణం వచ్చిన దిక్కున ఎవరున్నారు? జేసన్. ఆమె చూపు బాణం వచ్చిన దారినే వెనక్కి వెళుతుంది. ఎరోస్ నవ్వుకుంటూ బయటికి ఎగిరిపోతాడు. ఈ దృశ్యంలో వివరణ వాక్యం ఒక్కటి లేకపోయినా మనకి అన్నీ అర్థమవుతాయి.

కాళిదాసు "కుమారసంభవం" మూడో సర్గలో ఇదే పని సమయంతో చేశాడు. మన్మథుడు ఊరికే వెళ్లి బాణం వేయడు, అదను కోసం కాచుకుంటాడు. పార్వతి తామరగింజల మాల శివుడికి అందించబోతుంది, ఆయన అందుకోబోతాడు, సరిగ్గా ఆ క్షణంలో సమ్మోహనం అనే బాణాన్ని ఎక్కుపెడతాడు. శివుడి ధైర్యం కొంచెం సడలుతుంది, చంద్రోదయమప్పటి సముద్రంలా. ఆ "కొంచెం" చాలా ముఖ్యం. వెంటనే తనని తాను నిలవరించుకుని, ఈ కదలికకి కారణమేమిటని నలుదిక్కులా చూస్తాడు. విల్లుని గుండ్రంగా వంచి కొట్టడానికి సిద్ధంగా ఉన్నవాడు కనబడతాడు. మూడో కన్ను తెరుచుకుంటుంది. మన్మథుడు బాణం వేశాడు, శివుడు కాల్చేశాడు అని మనం అలవాటుగా చెప్పుకుంటాం గానీ, ఈ మూడో సర్గలో బాణం వింటిని వదిలిందని ఎక్కడా లేదు. తర్వాత పార్వతి శివుణ్ణి గెలిచింది ఐదో సర్గలో, తపస్సుతో. బాణం విఫలమైతేనే ఆ తపస్సుకి చోటు దొరికింది. మీ రెండో ప్రశ్నకి నాకు తెలిసిన బలమైన జవాబు ఇదే: బాణాన్ని కథకి ముగింపుగా పెట్టకండి, మధ్యలో ఓడిపోనివ్వండి.

ఇప్పుడు బాణం తయారీ. క్యూపిడ్‌వి లోహపు మొనలు, మన్మథుడివి పూలు, అనేస్తే సరిపోదు. మన వైపు వివరం చాలా ఉంది, కావలసినంత వాడుకోవచ్చు. అన్నిటికంటే పాతది అథర్వవేదం మూడో కాండలోని 25వ సూక్తం. అక్కడ కాముడి బాణానికి పూలు లేవు. మనోవ్యథ దాని పింజ (వెనక కట్టే ఈక), కోరిక దాని ములికి (మొన), ములికినీ కాడనీ కలిపే మెడ సంకల్పం. ఆ బాణం ప్లీహాన్ని ఎండగొడుతుందని కూడా ఉంది. తర్వాతి కాలంలో మన్మథబాణాల ఫలితాలని ఉన్మాదనం, తాపనం, శోషణం, స్తంభనం, సమ్మోహనం అని ఐదుగా చెప్పారు. అందులో శోషణం అంటే ఎండగొట్టడమే. ఈ ఐదూ చూస్తే సమ్మోహనం తప్ప మిగతావన్నీ జబ్బు లక్షణాలే: మతి చెదరడం, ఒళ్లు కాలడం, చిక్కిపోవడం, కొయ్యబారిపోవడం. బాణం తగలగానే పాత్ర నవ్వుతూ పాటెత్తుకోవడం కంటే ఇది రాస్తే ఎంత బావుంటుందో ఆలోచించండి.

పూల జాబితా వేరే ఉంది: అరవిందం, అశోకం, చూతం, నవమల్లిక, నీలోత్పలం. అంటే తామర, అశోకపువ్వు, మామిడిపూత, విరజాజి, నల్లకలువ. విల్లు చెరకుగడ, నారి తుమ్మెదల బారు, సాయం వసంతుడు. లలితా సహస్రనామంలో అమ్మవారి చేతిలోనూ చెరకువిల్లే ఉంటుంది, కానీ అది మనసు అని, బాణాలు పంచతన్మాత్రలని చెప్పారు. శబ్దం, స్పర్శ, రూపం, రసం, గంధం అన్నమాట. నవలకి ఇది సిద్ధంగా ఉన్న చట్రం. ఒక్కో బాణం ఒక్కో ఇంద్రియం మీద పనిచేస్తే ఐదూ తగిలినవాడికీ, ఒక్క గంధబాణమే తగిలినవాడికీ తేడా చూపించవచ్చు.

పూలబాణాన్ని దగ్గరగా చూడాలంటే మళ్లీ కుమారసంభవం మూడో సర్గకే వెళ్లాలి. వసంతుడు మామిడిపూతతో బాణం చేస్తాడు. అప్పుడే విచ్చిన లేచిగుళ్లు దానికి పింజలు. పని పూర్తయ్యాక దాని మీద తుమ్మెదలని వాలనిస్తాడు, మన్మథుడి పేరులోని అక్షరాల్లా. వీరులు తమ బాణాల మీద పేరు చెక్కుకునేవారు కదా, ఇక్కడ ఆ చెక్కడం నల్లగా, కదులుతూ, రొద చేస్తూ ఉంటుంది. ఒక ఆయుధాన్ని ఇంత స్పష్టంగా చూపించాక ఇక "మాయాబాణం" అనే మాట మనకి అవసరం ఉండదు.

పొరపాటు దెబ్బల సంగతి. బాణాన్ని వింటినుంచి వేయాలనే లేదు, గీసుకున్నా చాలు. ఓవిడ్ పదో పుస్తకంలో క్యూపిడ్ తల్లి వీనస్‌ని ముద్దుపెట్టుకుంటుంటే పొదిలోంచి పొడుచుకొచ్చిన మొన ఆమె రొమ్మున గీసుకుంటుంది. వీనస్ అడోనిస్ అనే కుర్రాడి వెంటపడడానికి అదే కారణం. రెండో శతాబ్దపు లాటిన్ రచయిత అపులేయస్ కథలో సైకీ అనే అమ్మాయి, నిద్రపోతున్న భర్త క్యూపిడ్ బాణాన్ని తీసి బొటనవేలితో మొన పరీక్షిస్తుంది, చెయ్యి వణికి కాస్త గట్టిగా గుచ్చుకుంటుంది, రెండు మూడు రక్తపుచుక్కలు. ప్రేమదేవుడి మీదే ప్రేమ. ఆయుధం ఇంట్లో ఉంటే ఇలాంటివి జరిగి తీరతాయి, మీరూ వాడుకోండి.

విరుగుడు ఉందా లేదా అన్నది మొదటి అధ్యాయానికి ముందే తేల్చేయండి. షేక్‌స్పియర్ "ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్"లో క్యూపిడ్ బాణం గురి తప్పి తెల్లపువ్వు మీద పడుతుంది, పువ్వు ఊదారంగుకి మారుతుంది. దాని రసం నిద్రపోయేవాళ్ల రెప్పల మీద పిండితే లేవగానే మొదట చూసినవాళ్ల మీద ప్రేమ పుడుతుంది. విరుగుడుగా ఇంకో మొక్క ఉంది. లైసాండర్ అనే ప్రేమికుడికి, దేవకన్యల రాణి టిటానియాకి ఆ విరుగుడు అందుతుంది. మందు పడిన ఇంకో యువకుడు డెమెట్రియస్‌కి మాత్రం అందదు. నాటకం పెళ్లిళ్లతో ముగిసేటప్పటికీ అతను మందు ప్రభావంలోనే ఉంటాడు. అతన్ని పెళ్లాడిన హెలెనాకి దక్కిన మొగుడి మనసు అతనిదా, పువ్వుదా? హాస్యనాటకం కాబట్టి అక్కడ సాగిపోయింది. మీది గంభీరమైన నవల అయితే ఈ ప్రశ్నని దాటేయకండి. బాణం తగిలినవాళ్లకి నిజం తెలిసే దృశ్యం ఒకటి ఉండాలి. ఆ దృశ్యం లేని ప్రేమబాణం కథలు నాకు మోసంగానే అనిపిస్తాయి.

తగలనివాళ్లు కూడా కావాలి. అశ్వఘోషుడి "బుద్ధచరితం" పదమూడో సర్గలో మారుడు, అంటే మన్మథుడే, సిద్ధార్థుడి మీద బాణం వేస్తాడు. శంభుణ్ణే పార్వతి వైపు కదిలించిన బాణం ఇతణ్ణి కదిలించలేదేమిటి, ఇతనికి హృదయం లేదా, లేక ఇది ఆ బాణం కాదా అని వాడే తెల్లబోతాడు. మన "మనుచరిత్ర"లో వరూధిని ఎంత వేగిపోయినా ప్రవరుడు చలించడు. అతని మనసు ఇంటి మీద, అగ్నిహోత్రం మీద ఉంది. ఈ ఇద్దరి దగ్గరా తాయెత్తు లేదు, కవచం లేదు. మనసు అప్పటికే ఇంకోచోట నిండి ఉంది, అంతే. మీ కథలో బాణం తగలనివాడికి మంత్రకవచం తొడిగితే ఆ పాత్ర సగం చచ్చిపోతుంది.

పాప్ కల్చర్‌లో బాణం చాలావరకు గుర్తుగా మిగిలిపోయింది. బాణం గుచ్చుకున్న గుండె ఎమోజీ 2010లో యూనికోడ్‌లోకి వచ్చింది. లండన్ పికడిల్లీ సర్కస్‌లో 1893 నాటి అల్యూమినియం విగ్రహాన్ని అందరూ ఎరోస్ అంటారు గానీ, శిల్పి ఆల్‌ఫ్రెడ్ గిల్బర్ట్ చేసింది అతని తమ్ముడు ఆంటెరోస్‌ని. బదులు ప్రేమకి దేవుడు అతను. మీకు రెండో విలుకాడు కావాలంటే అతణ్ణి తీసుకోండి. వీడియో గేముల్లో ప్రేమ మాయకి గడువు, లెక్క స్పష్టంగా ఉంటాయి. పోకెమాన్ ఆటలో "అట్రాక్ట్" అనే ప్రేమమాయ ఎత్తు పడితే ఎదుటి జీవి సగం సార్లు దెబ్బ వేయలేదు, ఇద్దరిలో ఎవరు బరిలోంచి తప్పుకున్నా ప్రభావం పోతుంది. దూరం పెరిగితే మాయ తెగిపోతుందన్న ఆ నియమం నవలకీ పనికొస్తుంది.

చివరగా మాటల విషయం. మన్మథుణ్ణి విషమశరుడు అంటే విషపు బాణాలవాడని రాసేస్తున్నారు. అక్కడ విషమం అంటే బేసి, ఐదు బాణాలు కాబట్టి. తూపు అంటే బాణం, విరితూపు అంటే పూలబాణం, వలరాజు అంటే మన్మథుడు. శాపనార్థాలు పెట్టే సందర్భంలో ఈ అచ్చతెలుగు మాటలు చక్కగా పలుకుతాయి. విరహంలో ఉన్న నాయిక చంద్రుణ్ణి, మలయమారుతాన్ని, మన్మథుణ్ణి నిలబెట్టి తిట్టడం ప్రబంధాల్లో ఒక సంప్రదాయం, దాన్ని ఉపాలంభనం అంటారు. "శాకుంతలం" మూడో అంకంలో దుష్యంతుడూ ఇదే చేస్తాడు: నీవి పూలబాణాలన్నదీ అబద్ధమే, చంద్రుడివి చల్లటి కిరణాలన్నదీ అబద్ధమే, అతను నిప్పులు కురుస్తున్నాడు, నువ్వు పూలని వజ్రాలు చేస్తున్నావు అని. మీ నాయికకి బాణం తగిలిన రాత్రి అలాంటి తిట్టు ఒక పేజీ రాసి చూడండి. బాణం ఎంత లోతుకి దిగిందో వేరే చెప్పక్కర్లేదు.