గోల్ పడితే తప్పంతా గోలీదేనా?

ప్రశ్న: నాకు పదిహేనేళ్లు. ఐస్ హాకీ ఆడతాను. మొదట్లో ఫార్వర్డ్‌ని, అంటే గోల్స్ కొట్టేదాన్ని. ఒకరోజు మా గోలీ (గోల్ పడకుండా నెట్ ముందు నిలబడి ఆపే అమ్మాయి) రాకపోతే నేను ప్యాడ్స్ కట్టుకుని నిలబడ్డాను, ఇక అక్కణ్నుంచి కదలబుద్ధి కాలేదు. కానీ పోయిన మ్యాచ్‌లో నాలుగు గోల్స్ పడ్డాయి. టీమ్‌లో ఎవరూ ఏమీ అనలేదు, అలాగని నాతో మాట్లాడనూ లేదు. అమ్మేమో "దెబ్బలూ నీకే, మాటలూ నీకే, మళ్లీ ఫార్వర్డ్‌కి వెళ్లిపో" అంటోంది. నాన్న ఇంటికొచ్చే దారంతా ఏ గోల్ ఎలా ఆపి ఉండాల్సిందో చెబుతూనే ఉంటారు. మా క్లబ్‌లో గోలీలకు వేరే కోచ్ కూడా లేరు. నాకైతే వదలాలని లేదు. ఏం చేయను?

జవాబు: వదలకు తల్లీ. పక్ (ఈ ఆటలో బంతి బదులు కొట్టే బిళ్ల) దూసుకొస్తుంటే ఎవరైనా పక్కకు తప్పుకుంటారు, నీకేమో దానికి ఒళ్లు అడ్డం పెట్టడమే ఇష్టం, ఇలాంటి ఇష్టం అందరికీ కలగదు, ఒక్క మ్యాచ్ చూసి దాన్ని పోగొట్టుకోకు.

నాలుగు గోల్స్ పడ్డాయని రాశావు, మొత్తం ఎన్ని షాట్లు వచ్చాయో మాత్రం రాయలేదు. 40 వచ్చి ఉంటే నువ్వు 36 ఆపినట్టు, అంటే 90 శాతం, అది మంచి ఆటే. 12 మాత్రమే వచ్చి ఉంటే అప్పుడు కూర్చుని చూసుకోవాల్సిందే. అందుకని ఒక నోట్‌బుక్ పెట్టుకో. మ్యాచ్ మర్నాడు (అదే రాత్రి వద్దు, ఆ రాత్రి రాసేవన్నీ నిన్ను నువ్వు తిట్టుకునే మాటలే అవుతాయి) ఒక్కో గోల్‌కి రెండే విషయాలు రాయి. షాట్ బయల్దేరినప్పుడు పక్ నాకు కనబడిందా? అప్పుడు నేనెక్కడ నిలబడ్డాను? ముందు మనుషులు అడ్డొచ్చి పక్ కనబడకపోయినా, మధ్యలో ఎవరి స్టిక్‌కో తగిలి దారి మారినా ఆ గోల్‌ని నీ నెత్తిన వేసుకోకు. నీ ప్యాడ్‌కి తగిలిన పక్ మళ్లీ వాళ్ల స్టిక్ మీదకే వెళ్లి పడుతుంటే మాత్రం నువ్వే చూసుకోవాలి, రీబౌండ్‌ని మూలకి తోయడం సాధన చేయాలి.

ఇక నిలబడే చోటు. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. నెట్ 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. గోల్ గీత మీదే ఉండిపోతే షూటర్‌కి రెండు పక్కలా బోలెడు ఖాళీ దొరుకుతుంది, కొంచెం ముందుకొస్తే అదే ఒంటితో చాలా నెట్ మూసేయొచ్చు, అలాగని మరీ ముందుకొచ్చావంటే అవతలి పక్కకి ఒక్క పాస్ వెళ్తే చాలు, నువ్వు వెనక్కొచ్చేలోపు గోల్ అయిపోతుంది. ఇది నేర్చుకోవడానికి రెండు పొడవాటి తాళ్లు చాలు. రెండు పోస్టుల కిందా ఒక్కో తాడు కట్టి, పక్ ఉన్నచోట ఆ రెండు చివరలూ కలిపి పట్టుకోమని ఫ్రెండ్‌కి చెప్పు. నేల మీద వచ్చే షాట్‌కి ఆ తాళ్ల మధ్యే దారి. నువ్వు మధ్యలో నిలబడి మెల్లగా ముందుకు జరుగు, రెండు ప్యాడ్స్‌కీ తాళ్లు ఒకేలా తగిలాయా, ఒకవైపే తగిలిందా చూసుకో. తర్వాత పక్ పెట్టిన చోటే మంచుకి ఆనించి ఫోన్‌తో ఫోటో తీయించు. షూటర్ కళ్లు పైనుంటాయి, పక్ నేల మీద ఉంటుంది కదా, అక్కణ్నుంచి చూస్తే నీ భుజాల పైన ఖాళీ నువ్వు భయపడినంత ఉండదు.

మోకాళ్ల మీదకి దిగి కాళ్లు రెండు పక్కలకీ పరిచే బటర్‌ఫ్లై నువ్వూ చేస్తూనే ఉంటావు. షాట్ రాకముందే దిగిపోకు, పై మూలలు ఖాళీ అవుతాయి. గజ్జల్లోగానీ తుంటిలోగానీ నొప్పి రోజుల తరబడి తగ్గకపోతే స్ట్రెచింగ్‌తో సరిపెట్టుకోకుండా డాక్టర్‌కి చూపించుకో, ఇలా దిగుతూ ఉంటే తుంటి కీళ్ల మీద భారం పడుతుంది.

అమ్మ భయం ఊరికే వచ్చింది కాదు. పక్ అంటే 156 నుంచి 170 గ్రాముల గట్టి రబ్బరు బిళ్ల, పైగా ఎగిరెగిరి పడకుండా మ్యాచ్‌కి ముందు దాన్ని ఫ్రీజ్ చేస్తారు. "ఏం కాదులే అమ్మా" అంటే ఆవిడ నమ్మరు. ఒకప్పుడు గోలీలు మాస్క్ లేకుండానే నిలబడేవారు. 1959 నవంబర్ 1న న్యూయార్క్‌లో కెనడా గోలీ జాక్ ప్లాంట్ ముఖానికి షాట్ తగిలి చీరుకుపోతే, కుట్లు వేయించుకుని వచ్చి, మాస్క్ పెట్టుకోనిస్తేనే మళ్లీ దిగుతానని పట్టుబట్టాడు, మిగతావాళ్లూ మెల్లగా ఆ దారికే వచ్చారు. అమ్మకి ఈ సంగతి చెప్పు, నీ సామానంతా ముందు పెట్టి చూపించు. కాళ్ల ప్యాడ్స్ బాగుంటే సెకండ్ హ్యాండ్‌వైనా ఫర్వాలేదు, మాస్క్, గొంతు గార్డ్, ఛాతీ ప్రొటెక్టర్ మాత్రం సరిగ్గా నీ కొలతకే ఉండాలి, మాస్క్‌లో సన్నని పగులు కనబడినా మార్చేయాలి. పట్టీలు సరిగ్గా బిగిశాయో లేదో ఆవిడనే చూడమను.

ఈ పేజీ నాన్నగారికి కూడా ఇవ్వు. అయ్యా, గోల్ పడిన ప్రతిసారీ అందరి కళ్లూ మీ అమ్మాయి మీదే ఉంటాయి, అది ఎలా పడిందో తనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. తనంతట తాను ఎత్తేదాకా దారిలో ఆట మాట ఎత్తకండి. ఆకలేస్తోందా అని అడగండి, చాలు.

గోలీ కోచ్ లేరన్నావు. నీకంటే పెద్దవాళ్లు, వేగంగా కొట్టేవాళ్లు ప్రాక్టీస్‌కి గోలీ కావాలంటే వెళ్లు, అబ్బాయిల టీమ్ అయినా సరే. అమెరికా గోలీ మ్యాడీ రూనీ హైస్కూల్ చివరి ఏడాది ఆడింది అబ్బాయిల జట్టుకే. 2018 ఒలింపిక్స్ ఫైనల్‌లో కెనడా మీద షూటౌట్‌లో (స్కోరు సమమైతే ఒక్కొక్కరూ వచ్చి గోలీ మీద షాట్ కొట్టే పోటీ) ఆఖరి షాట్ ఆపి బంగారు పతకం తెచ్చినప్పుడు ఆమెకి 20 ఏళ్లు. ఇక మీ కోచ్‌నీ ఒక మాట అడుగు: ప్రాక్టీస్ మొదట్లో పది నిమిషాలు నీకోసమే ఇవ్వమని, ఒక షాట్ ఆపి లేచి సర్దుకునేదాకా ఇంకోటి కొట్టొద్దని. అందరూ వరసగా కొడుతూ పోతే వాళ్లకి షూటింగ్ వస్తుంది కానీ నీకు ఆపడం రాదు, ఈ మాట కోచ్‌తో సూటిగానే చెప్పు.