లిస్ప్ నేర్చుకుంటే ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: తిరుపతిలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సొంతంగా కామన్ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని, బస్సు వేళల ఫైలులోంచి చిత్తూరు సర్వీసులను వేరుచేసే ప్రోగ్రామ్ రాశాను. వరుసలు వేలల్లో ఉంటే చాలా నెమ్మదిస్తోంది. ‘ఇది బ్రాకెట్లలో రాసిన సీ భాషే’ అని మా సీనియర్ అన్నారు. కోడ్ జతచేశాను. దీన్ని కొనసాగించాలా?

జవాబు: తప్పకుండా కొనసాగించండి. అయితే మీ సీనియర్ మాట నిజమే. లూప్ తిరిగిన ప్రతిసారీ ‘ఎన్‌టీహెచ్’తో ఫలానా సంఖ్య గల వరుసను అడుగుతున్నారు. సీ అర్రేలో విలువలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి అది ఒక్క అడుగు పని. లిస్ప్ జాబితాలో ఒక్కో కణం తన తర్వాతి కణాన్ని మాత్రమే చూపుతుంది కాబట్టి ప్రతిసారీ మొదటి నుంచి నడవాలి. పదివేల వరుసలకు దాదాపు 5 కోట్ల అడుగులు! ‘అపెండ్’తో ఫలితాన్ని చివర అతికించడమూ అంతే దండగ. అప్పటిదాకా పోగైన జాబితా మొత్తం ప్రతిసారీ నకలవుతుంది. ‘పుష్’తో ముందువైపు చేర్చుకుంటూ పోయి, ఆఖరున ఒక్కసారి ‘ఎన్‌రివర్స్’తో తిప్పండి. చిత్తూరు బస్సులను ఏరడానికైతే లూపే అక్కర్లేదు, ‘రిమూవ్-ఇఫ్-నాట్’కు చిన్న ఫంక్షన్ ఇస్తే చాలు.

ఇక పార్సింగ్, అంటే ఫైలులోని పంక్తిని చదివి భాగాలుగా విడదీయడం. కామాల దగ్గర విడగొట్టడం, వేళ చదవడం, బస్సును ఎంచడం, తెరపై చూపడం అన్నీ ఒకే ఫంక్షన్‌లో కుక్కారు. వేరుచేయండి. చదివే ప్రతి ఫంక్షనూ రెండు విలువలు ఇచ్చేలా రాయండి: ఏం చదివింది, ఎక్కడ ఆగింది. ‘పార్స్-ఇంటిజర్’ చేసేది సరిగ్గా ఇదే. దానికి ‘08:45’ ఇచ్చి ‘జంక్-అలోడ్’ (అంకె కానిది వచ్చినా ఫర్వాలేదు) అని చెబితే, 8తో పాటు తాను ఆగిన స్థానం 2 (సున్నా నుంచి లెక్కిస్తే) కూడా ఇస్తుంది. కోలన్ దాటి 3వ స్థానం నుంచి నిమిషాలు చదువుకోవచ్చు. బయటి ఫైళ్లను మాత్రం ‘రీడ్’తో నేరుగా చదవకండి. అందులో ఎవరైనా కోడ్ దాచితే అది నడిచే ప్రమాదం ఉంది. చదవక తప్పదంటే ముందు ‘రీడ్-ఇవాల్’ను నిల్ చేయండి, అంటే చదివేటప్పుడు కోడ్ నడవకుండా ఆపండి.

ఉద్యోగం సంగతి. క్యాంపస్ పరీక్షల్లో లిస్ప్ అడగడం అరుదు. సీ, జావా, పైథాన్‌లలో ఒకదానిపై గట్టి పట్టు ఉండాల్సిందే. కానీ గేట్ సిలబస్‌లో రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలవడం), లింక్డ్ లిస్టులు (పైన చెప్పిన కణాల జాబితాలు), పార్సింగ్ ఉన్నాయి. చాలామంది కంఠస్థం చేసే ఈ పాఠాలను మీరు చేత్తో కట్టి చూస్తున్నారు. గేట్ మూడో సంవత్సరంలోనే రాయవచ్చు, వదులుకోకండి. జావా వస్తే, 2007లో వచ్చిన క్లోజర్ అనే లిస్ప్ వైపు వెళ్లండి. అది జావా ప్రోగ్రాములను నడిపే జావా వర్చువల్ మెషీన్‌పైనే నడుస్తుంది. బ్రెజిల్ బ్యాంకు నూబ్యాంక్ దాన్ని విస్తృతంగా వాడుతోంది. అలాంటి ఉద్యోగాలు తక్కువే కనుక దాని మీదే ఆధారపడకండి.

పాత కోడ్‌ను చెరపవద్దు. కొత్తది రాశాక, పదివేల వరుసలపై రెండింటికీ పట్టిన సమయం కొలిచి రెజ్యూమేలో రాయండి. తేడా ఎందుకొచ్చిందని ఇంటర్వ్యూలో అడిగితే, కాగితంపై కణాలు గీసి చెప్పండి.