చెల్లెకూ మరిదికీ: నడక గురించి, నల్లా గురించి

చెల్లె,

నిన్న ఫోన్‌లో నువ్వు "ఆయన్ని మంచం దిగనివ్వట్లేదక్కా, అన్నీ చేతికే అందిస్తున్నా" అన్నప్పుడే చెబుదామనుకున్నాను, పక్కన మరిది ఉన్నాడని ఊరుకున్నా. మరిదిలాగే మీ బావకూ ఊపిరితిత్తి క్యాన్సర్ వచ్చినప్పుడు నేనూ అదే తప్పు చేశాను. కుడి ఊపిరితిత్తిలో మూడు భాగాలుంటాయట, మీ బావకు అందులో పై భాగం తీసేశారు. ఇంటికొచ్చాక రెండు నెలలు ఆయన్ని నీళ్ల గ్లాసు కూడా ఎత్తనివ్వలేదు. చివరికి బాత్రూం దాకా వెళ్లొస్తేనే ఆయాసం వచ్చే దాకా తెచ్చాను. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి నా మొహం మీదే అంది, "ఆంటీ, ముందు మీకు చెప్పాలి, అంకుల్ చేయి వదలండి" అని.

ఆ నీరసం నిద్రతో పోయేది కాదు. పదిగంటలు పడుకున్నా పొద్దున్నే కాళ్లు లాగుతున్నాయంటాడు కదా మరిది, అది కొంచెం కొంచెం నడిస్తేనే తగ్గుతుంది. అయితే మీ డాక్టర్‌ను అడగకుండా ఏదీ మొదలుపెట్టకు. ఎముకలకు పాకిందా, రక్తం ఎంతుంది, ప్లేట్‌లెట్లు ఎలా ఉన్నాయి, ఎంత బరువు ఎత్తొచ్చు అని సూటిగా అడుగు. ఎముకల్లో ఉంటే నడుం మెలితిప్పడాలు, వంగి లేపడాలు చేయకూడదు.

మేము గేటు దాకా నడకతో మొదలుపెట్టాం. రోజుకు మూడుసార్లు, 5 నిమిషాలే. రెండుమూడు రోజులకోసారి ఒక నిమిషం కలిపాం. భద్రకాళి చెరువు బండ్ మీదకు వెళ్లడానికి మాకు రెండున్నర నెలలు పట్టింది, మరిది వయసులో చిన్నవాడు కాబట్టి తొందరగానే అవుతుందేమో గానీ తొందరపెట్టకు. వారానికి 150 నిమిషాలు అని డాక్టర్లు అంటారు, అది చేరుకోవాల్సిన లెక్క, మొదటి వారమే అది చూసి బెదిరిపోవద్దు. ముందు వారానికి మూడు రోజులు, అరగంట చొప్పున నడవగలిగితే చాలు, మనసుకూ ఒంటికీ తేడా తెలుస్తుంది.

ఎంత వేగంగా నడవాలంటే మా దగ్గర ఒక లెక్క ఉంది. మీ బావ ముప్పై ఏళ్లు ఎనుమాముల మార్కెట్‌లో గుమాస్తా, కాబట్టి నడుస్తూ ఇవాళ తేజ మిర్చి ఎంత, చపాట ఎంత అని అడుగుతాను. వాక్యం మొత్తం చెప్పగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. రెండు మాటలకే ఊపిరి తీసుకుంటే తగ్గించాలి. పాట ఎత్తుకున్నాడంటే బద్ధకిస్తున్నట్టే.

ఆయాసం వచ్చినప్పుడు నిలబెట్టేసి "ఏమైంది ఏమైంది" అనకు, నీ గొంతు వింటేనే ఆయనకు ఇంకా భయం. సాసర్‌లో వేడి చాయ్ ఒలకకుండా ఊదుతాం చూడు, అలా పెదాలు దగ్గర పెట్టి మెల్లగా ఊపిరి వదలమను. ముక్కుతో రెండు అంకెలు లోపలికి, నోటితో నాలుగు అంకెలు బయటికి. నువ్వూ పక్కన చెయ్యి, నీకూ అవసరమే. మెట్లెక్కేటప్పుడు ఊపిరి వదులుతూ కాలు పైకి వెయ్యాలి, పీల్చుకునేటప్పుడు ఆగాలి. వీధిలో ఎవరో కపాలభాతి చేయమంటారు, మాకూ ముగ్గురు చెప్పారు. డాక్టర్ ఒప్పుకునే దాకా గట్టిగా ఊపిరి తోసే ఏ ప్రాణాయామమూ వద్దు.

ఆపరేషన్ అయిన వైపు భుజం పట్టేస్తుంది. నొప్పని చేయి దాచుకుని కూర్చుంటే ఇంకా బిగుస్తుంది. మీ బావ గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో సాలెపురుగులా పైకి పాకించేవాడు, ఎంత దాకా అందితే అక్కడ నేను సుద్దముక్కతో గీత పెట్టేదాన్ని, చిన్నపిల్లల ఎత్తు కొలిచినట్టు. మొదటి రోజు గీత కరెంటు బోర్డు దగ్గరే ఆగింది. నాలుగో వారానికి క్యాలెండర్ మేకు దాటింది. పండుగకు సున్నం వేసేటప్పుడు ఆ జానెడు జాగా వదిలేయమన్నాను, కూలీ నన్నో పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. దీనితో పాటు వారానికి రెండు రోజులు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పది సార్లు లేచి కూర్చోవడం. అరలీటరు నీళ్ల సీసాలు పట్టుకుని చేతులు ఎత్తించడం డాక్టర్ సరే అన్నాకే. గ్యాస్ బండ మాత్రం ఎవరితోనైనా మోయించు.

కీమో వల్ల పాదాలు మొద్దుబారితే చెప్పులు కాదు, బూట్లు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, దగ్గులో రక్తం, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం, వీటిలో ఏదొచ్చినా నడక ఆపి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. జ్వరమొచ్చినా అంతే, కీమో నడిచేటప్పుడు అస్సలు ఆలస్యం చేయొద్దు.

ఎండాకాలం ఏడు కొట్టేలోగా నడక అయిపోవాలి. చలికాలంలో ఆకులు తగలబెట్టే పొగ, మిర్చి సీజన్‌లో ఘాటు ఉంటే ఇంట్లోనే హాలు చుట్టూ తిరగండి. పోపు వేసేటప్పుడు ఆయన్ని అవతలి గదిలోకి పంపు, దోమల కాయిల్ బంద్ చెయ్యి.

ఇక టెన్షన్ సంగతి. మీ బావ నిద్రపోతుంటే కూడా వేలికి ఆక్సిజన్ మీటర్ పెట్టి చూసేదాన్ని, రోజుకు ఇరవైసార్లు. ఒక రాత్రి కళ్లు తెరిచి "బతికే ఉన్నాను లేవే" అన్నాడు. నవ్వుతూ నవ్వుతూనే ఇద్దరం ఏడ్చాం. నేను ఏడవాలంటే బాత్రూంలో నల్లా తిప్పి ఏడ్చేదాన్ని. ఆయనకు తెలుసట. "రోజూ నల్లా ఎందుకంత సేపు తిరుగుతోంది, మన దగ్గర నీళ్లకు కరువు లేదనుకున్నావా" అని అడిగిన రోజు నుంచి దాచడం మానేశాం. స్కాన్ దగ్గరపడితే ఆ వారమంతా ఉప్పు ఎక్కువైందనో కారం తక్కువైందనో కొట్లాట. ఇప్పుడు సాయంత్రం చాయ్ తర్వాత పావుగంట స్కాన్ మాటలకే, ఎంత భయముంటే అంత చెప్పుకుంటాం, గ్లాసులు కడిగేశాక ఆ ముచ్చట మళ్లీ రేపే. మొదట్లో ఇది నాకు నాటకంలా అనిపించింది. ఇప్పుడు రాత్రి నిద్ర పడుతోంది. మరీ తట్టుకోలేనప్పుడు టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యి, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

చుట్టాలు వచ్చి "బీడీలు తాగేవాడా?" అని అడుగుతారు. తాగనివాళ్లకూ వస్తుందని ఒక్క మాట చెప్పి లోపలికి రా, వాదన పెట్టుకోకు. ఇప్పటికీ తాగుతుంటే మాత్రం మానిపించు, కానీ ఆ పాత తప్పు రోజూ ఎత్తి చూపకు.

నువ్వు? నీ షుగర్ చూపించుకుని ఎన్నాళ్లైంది? నేను ఆయన మందులు గంట తప్పకుండా ఇచ్చాను గానీ, నా బీపీ గోళీ ఏడు నెలలు వేసుకోలేదు, తల తిరిగి వంటింట్లో పడ్డాకే తెలిసింది. రోజూ ఓ ఇరవై నిమిషాలు నీకోసం, ఆయన లేకుండా, వాడకట్టు ఆడవాళ్లతో నడిచి రా. ఆపరేషన్ అయిన ఏడాది నేను బతుకమ్మ ఆడలేదు. మరుసటేడు సద్దుల బతుకమ్మ నాడు మీ బావే పద్మాక్షి గుండం దాకా తీసుకెళ్లి, ఒక గట్టు మీద కూర్చుని, "పో, ఆడి రా" అన్నాడు. గంటసేపు వంగి లేచి చప్పట్లు కొడితే అది కూడా మంచి వ్యాయామమే, మోకాళ్లు రెండు రోజులు పలికాయి.

ఆదివారం పొద్దున ఐదున్నరకు బండ్ మీద ఉంటాం. నీళ్ల సీసా తెచ్చుకోండి, కూర్చోవడానికి బెంచీలున్నాయి. మీ బావ ఇప్పటికీ సగం దారిలో ఒకసారి ఆగుతాడు, మరిదిని సిగ్గుపడొద్దని చెప్పు.

మీ అక్క