డాల్ఫిన్లు చూడాలంటే ఏ తీరానికి, ఏ నెలలో?

ప్రశ్న: దసరా సెలవుల్లో పిల్లలకు డాల్ఫిన్లు చూపిద్దామనుకుంటున్నాం. మనకు దగ్గర్లో ఎక్కడుంటాయి?
– ఓ పాఠకురాలు, కాజీపేట

జవాబు: ఒడిశాలోని చిలికా సరస్సుకు వెళ్లండి. కానీ దసరాకు వద్దండి, సంక్రాంతి సెలవులకు మార్చుకోండి. అక్టోబరు ఆ వైపు తుపాన్ల నెల. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ అప్పుడే విరుచుకుపడ్డాయి. జనవరిలోనైతే వలస పక్షులు కూడా కనువిందు చేస్తాయి. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఖుర్దారోడ్‌లో దిగి పూరీ చేరుకుంటే, అక్కడి నుంచి చిలికా ఒడ్డునున్న సాతపడా సుమారు 50 కిలోమీటర్లు. పడవలు అక్కడే దొరుకుతాయి.

పొద్దున్నే బయల్దేరాలి. ఎండెక్కేకొద్దీ గాలి లేస్తుంది, చిన్న అలల్లో వీపు రెక్క కలిసిపోయి కనపడదు. ఇక్కడివి ఇరావతి డాల్ఫిన్లు. గుండ్రటి నుదురు, బూడిద రంగు, పొడుచుకొచ్చిన ముక్కు ఉండదు. సినిమాల్లోలా ఎగిరి దూకుతాయని పిల్లలకు చెప్పి తీసుకెళ్లకండి, నిరాశపడతారు. వీపు ఒకటి రెండు క్షణాలు తేలి మునుగుతుంది, అంతే. అది మునిగిన చుట్టుపక్కలే చూపు నిలపండి, కాసేపటికి మళ్లీ పైకొస్తుంది. ఇంజను ఆపితే అది ఊపిరి వదిలే చప్పుడు కూడా వినిపిస్తుంది.

బేరం ఆడేటప్పుడే పడవవాళ్లతో ఓ మాట అనుకోండి: 50 మీటర్ల దూరంలోనే ఇంజను ఆపాలి, వెంటపడకూడదు. డాల్ఫిన్ శబ్దంతోనే చేపను వెతుక్కుంటుంది. మోటారు హోరులో దానికి ఆ దారి మూసుకుపోతుంది, ప్రొపెల్లర్ రెక్క తగిలితే ఒళ్లు చీరుకుపోతుంది. దగ్గరికి పోనిస్తే ఇంకో వంద ఇస్తామని మాత్రం దయచేసి ఆశ పెట్టకండి.

ప్రశ్న: మా ఆయన మస్కట్‌లో పనిచేస్తారు. చలికాలం అక్కడికి వెళ్తున్నాను. తిమింగలాలు కనిపిస్తాయా?
– ఓ పాఠకురాలు, జగిత్యాల

జవాబు: మస్కట్ దగ్గర డాల్ఫిన్లు బాగా కనిపిస్తాయి. వాటిలో స్పిన్నర్ రకం గాల్లోకి లేచి బొంగరంలా తిరుగుతుంది. తిమింగలాల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. అరేబియా సముద్రపు హంప్‌బ్యాక్ తిమింగలాలు చాలా కొద్దిగానే మిగిలాయి.

తిమింగలమే చూడాలంటే శ్రీలంకలోని మిరిస్సా మేలు, డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు. అక్కడ లోతు సముద్రం ఒడ్డుకు దగ్గర, అందుకే రైలు పెట్టె అంత పొడవుండే నీలి తిమింగలాలు అక్కడికొస్తాయి. ముందు కనిపించేది ఊపిరే, చిన్న తాటిచెట్టంత ఎత్తున నీటి ఆవిరి లేస్తుంది. ఇది లక్నవరంలో బోటు షికారు కాదు, నాలుగైదు గంటల ప్రయాణం, కడుపులో తిప్పుతుంది. డాక్టరునడిగి వాంతుల మాత్ర తీసుకెళ్లి, పడవ ఎక్కడానికి గంట ముందే వేసుకోండి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే వాంతిలోనే పోతుంది. పడవ నడిమధ్యలో కూర్చుని, ఫోన్ పక్కన పెట్టి, నీళ్లూ ఆకాశం కలిసేచోటే చూడండి.